రంగం పోదాం... రండి!

పూడిమడక ఒడ్డున నిలబడి సూటిగా తూర్పువైపు చూస్తే ఏం కనిపిస్తుంది? నీళ్లు... కనుచూపు మేరా నీళ్లే. ఆ నీళ్లకి అవతలి ఒడ్డున, సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో ఓ మహానగరం ఉంది. అచ్యుతాపురం, అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ముత్తాతల తరాన్ని అడిగితే ఆ ఊరి పేరు చటుక్కున చెప్పేసేవారు. ఢిల్లీ ఎక్కడుందో తెలియనివాళ్లకి కూడా ఆ ఊరు తెలుసు. వాళ్లు దాన్ని రంగూన్ అనలేదు, యాంగోన్ అంతకన్నా అనలేదు. ముద్దుగా, సొంత ఊరిలా 'రంగం' అన్నారు. ఓ నది పక్కన పుట్టి, ప్రపంచంలోని అన్ని మతాలకీ భాషలకీ చోటిచ్చిన ఆ నగరాన్ని ఓసారి చుట్టొద్దాం. అక్కడ మనవాళ్ల జాడ ఎంత మిగిలిందో కూడా వెతుకుదాం.

నది పక్కన... కొలిచి కట్టిన ఊరు

సముద్రం నుంచి నదిలో ముప్పై నలభై కిలోమీటర్లు ఎగువకి వెళ్తే వస్తుంది యాంగోన్. ఒకప్పుడు అది డగాన్ అనే చిన్న ఊరు. గుట్టమీద బంగారు గోపురంతో మెరిసే ష్వేడగాన్ పగోడా వల్లే దానికి పేరు. 1755లో బర్మా రాజు అలాంగ్‌పాయా ఆ ఊరిని గెలుచుకుని 'యాంగోన్' అని పేరు మార్చాడు. 'కలహాలు ముగిసిన చోటు' అని అర్థం. కలహాలు మాత్రం ముగియలేదు. 1852లో దిగువ బర్మాని ఆంగ్లేయులు ఆక్రమించుకున్నారు. యుద్ధంలో పాడైన ఊరిని మళ్లీ కట్టే పని మాంట్‌గోమరీ, ఫ్రేజర్ అనే ఇద్దరికి అప్పజెప్పారు. వాళ్లు సూలే పగోడాని మధ్యలో పెట్టుకుని చదరంగం బల్లలాంటి పటం గీశారు. నదికి సమాంతరంగా పెద్ద రోడ్లు, వాటిని అడ్డంగా కోస్తూ సన్నటి వీధులు. ఆ వీధులకి పేర్లు కూడా అక్కర్లేదనుకుని చాలావాటికి నంబర్లే ఇచ్చేశారు. 19వ వీధి, 26వ వీధి, 30వ వీధి... ఇప్పటికీ అవే నంబర్లు. కొత్తగా వెళ్లినవాళ్లు దారి తప్పడం కష్టం!

1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. ఐరోపాకి దారి బాగా తగ్గింది. ఐరావతి డెల్టాలో పండిన బియ్యానికి ఒక్కసారిగా గిరాకీ వచ్చిపడింది. దాంతోపాటే టేకు దుంగలు, చమురు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బియ్యం ఎగుమతిలో ప్రపంచంలోనే బర్మాది మొదటి స్థానం. అంత బియ్యాన్ని మరలో ఆడించాలి, బస్తాలకెత్తాలి, ఓడలోకి మోయాలి. మనుషులు కావాలి. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఓ రాష్ట్రమే కాబట్టి పాస్‌పోర్టుల బెడద లేదు. టికెట్టు కొనుక్కుంటే చాలు. బెంగాలీలు, తమిళులు, గుజరాతీలు, ఒడియాలు, చైనావాళ్లు, ఆర్మేనియన్లు, బాగ్దాద్ యూదులు... అందరూ వచ్చారు. అందరితోపాటు తెలుగువాళ్లూ వచ్చారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనం సుమారు నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే!

ఒక్క కూడలి... మూడు మతాలు

ఊరు చూడాలంటే సూలే పగోడా దగ్గర మొదలుపెట్టాలి. ట్రాఫిక్ మధ్యలో, నాలుగు రోడ్ల కూడలిలో ఉంటుందది. దాని చుట్టూ తల తిప్పి చూస్తే చాలు, రంగూన్ అంటే ఏమిటో సగం అర్థమైపోతుంది. ఓ పక్క బెంగాలీ సున్నీ జామా మసీదు మినార్లు. ఇంకో పక్క ఇమ్మానుయేల్ బాప్టిస్టు చర్చి. ఎదురుగా బర్మా శైలి శిఖరాలతో నగరపాలక భవనం. మధ్యలో మహాబందూల పార్కు. అందులో తెల్లటి స్వాతంత్య్ర స్తంభం. సాయంత్రమయ్యేసరికి ఓ వైపు నుంచి ఆజా, మరోవైపు నుంచి పగోడా గంట వినిపిస్తాయి.

అక్కణ్నుంచి కాస్త నడిస్తే అనవ్రథ రోడ్డు. ఆంగ్లేయుల కాలంలో ఇది ఫ్రేజర్ స్ట్రీట్. ఈ రోడ్డు పక్కనే 1871లో తమిళులు కట్టుకున్న శ్రీకాళి గుడి ఉంది. రంగురంగుల గోపురం చూస్తే మదురైలోనో కుంభకోణంలోనో ఉన్నామా అనిపిస్తుంది. 30వ వీధిలో మొఘల్ షియా మసీదు. 26వ వీధిలో ముస్లింల దుకాణాల నడుమ యూదుల ప్రార్థనా మందిరం ముస్మియా యెషువా. 1890ల్లో కట్టిన ఆ మందిరం ఇప్పటికీ చెక్కు చెదరలేదుగానీ, ప్రార్థించే యూదు కుటుంబాలే వేళ్లమీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. తూర్పు వైపు వెళ్తే 1862 నాటి ఆర్మేనియన్ చర్చి. నది ఒడ్డున, 1901లో ఆర్మేనియన్ సోదరులు తెరిచిన స్ట్రాండ్ హోటల్. చైనా బజారులో, స్ట్రాండ్ రోడ్డు మీదే, సముద్ర ప్రయాణికుల్ని కాపాడే దేవత మజూకి ఫుజియాన్ నుంచి వచ్చినవాళ్లు కట్టిన ఖెంగ్ హాక్ కియోంగ్ ఆలయం. ఇవన్నీ ఒక్కరోజులో కాళ్లతో చుట్టొచ్చేయొచ్చు!

చరిత్ర ఇష్టపడేవాళ్లు తప్పక చూడాల్సింది మరొకటుంది. చిట్టచివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ సమాధి. 1857 తిరుగుబాటు తర్వాత ఆంగ్లేయులు ఆయన్ని ఇక్కడికే పంపేశారు. 1862 నవంబరు 7న ఇక్కడే కన్నుమూశాడు. జనం వచ్చి మొక్కుతారన్న భయంతో సమాధి ఆనవాలు కూడా లేకుండా చేశారు. 1991లో తవ్వకాల్లో అసలు సమాధి బయటపడింది. ఇప్పుడది దర్గా. మన పాఠకులకి బాగా తెలిసిన మరో పేరూ ఈ ఊళ్లోదే. 1903లో బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి, ఇక్కడి లెక్కల కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తూ కథలు రాసుకున్నాడు శరత్‌చంద్ర ఛటర్జీ. 1916 దాకా ఇక్కడే ఉన్నాడు.

మీరు ఏ వారం పుట్టారు?

ష్వేడగాన్‌కి వెళ్లేముందు పిల్లల్ని ఓ ప్రశ్న అడిగి పెట్టుకోవాలి... ఎవరెవరు ఏ వారం పుట్టారని. దాదాపు 99 మీటర్ల ఎత్తున్న ఆ బంగారు స్తూపం చుట్టూ వారానికో మూల ఉంటుంది. పుట్టిన వారం మూలకి వెళ్లి అక్కడి బుద్ధుడి బొమ్మకి చెంబులతో నీళ్లు పోయడం ఆచారం. ఒక్కో వారానికి ఒక్కో జంతువు. ఆదివారానికి గరుడుడు, సోమవారానికి పులి, మంగళవారానికి సింహం, శనివారానికి నాగు. వారాలు ఏడేగానీ మూలలు మాత్రం ఎనిమిది! ఎలాగంటే బుధవారాన్ని రెండుగా విడగొట్టేశారు. పొద్దున పుట్టినవాళ్లకి దంతాలున్న ఏనుగు, మధ్యాహ్నం తర్వాత పుట్టినవాళ్లకి దంతాల్లేని ఏనుగు. ఆ రెండోదానికి అధిపతి ఎవరో తెలుసా? మన రాహువే!

బోర్డుల మీది అక్షరాలు చూసినా అలాంటి చుట్టరికమే కనిపిస్తుంది. సున్నాలు, అరసున్నాలు తిప్పి పేర్చినట్టుండే బర్మా లిపి కూడా దక్షిణ భారత లిపుల సంతానమే. చదవలేకపోయినా తెలిసిన మొహంలాగే ఉంటుంది.

ఇక తిండి... టీకొట్లో పొట్టి స్టూలు మీద కూర్చుని 'పలాటా' అని చెప్తే వచ్చేది మన పరోటా. 'తొషే' అంటే దోసె. 'డాన్‌పౌ' అంటే బిర్యానీ. సమోసాల్ని ముక్కలు చేసి ఉల్లిపాయ, క్యాబేజీ, పులుపు కలిపిచ్చేది సమోసా సలాడ్. పొద్దున్నే ఊరంతా తినేది మాత్రం అచ్చం బర్మావాళ్లది. పేరు 'మొహింగా'. సన్నటి బియ్యపు సేమ్యా మీద చేపల పులుసు పోసిస్తారు. పులుసు రుచి తెలిసిన కోస్తావాళ్లు రెండో గిన్నె అడక్క మానరు. ఊళ్లోవాళ్ల చెంపల మీద పసుపు రాసుకున్నట్టు కనిపించేది పసుపు కాదు, 'తనఖా' చెక్క అరగదీసిన గంధం.

మరి... మనవాళ్లేరీ?

కాళి గుడి తమిళులది. మసీదు బెంగాలీలది. హోటల్ ఆర్మేనియన్లది. మరి లక్షన్నరకు పైగా తెలుగువాళ్లు బర్మాలో ఉన్నారని 1931 నాటి లెక్కలు చెబుతుంటే, నగరం నడిబొడ్డున పర్యాటకులకి చూపించే భవనాల్లో తెలుగువాళ్ల పేరు వినిపించదేం?

జవాబు కోసం స్ట్రాండ్ రోడ్డు దాటి నది ఒడ్డుకి వెళ్లాలి. పాన్సోడాన్ రేవులో డలా ఊరికెళ్లే పడవ ఎక్కాలి. పది నిమిషాల ప్రయాణం. పడవ నది మధ్యకి వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే రేవులు, గిడ్డంగులు, క్రేన్లు వరసగా కనిపిస్తాయి. మనవాళ్ల జాడ ఉన్నది అక్కడే. తమిళ చెట్టియార్లు అప్పులిచ్చారు, గుజరాతీలు వ్యాపారం చేశారు, బెంగాలీలు ఆఫీసుల్లో కూర్చున్నారు. తెలుగువాళ్లలో అత్యధికులు మోశారు! బియ్యం బస్తాలు మోశారు. మరల్లో ఊక ఎత్తారు. 'లాంచా' అని పిలిచే రిక్షాలు లాగారు. వీధులు ఊడ్చారు. గుడి కట్టేంత డబ్బు వాళ్లలో చాలామంది దగ్గర మిగల్లేదు.

విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు బయల్దేరేవి. పేదవాళ్ల ప్రయాణం డెక్కు మీదే. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లందరికీ అక్కడ 'కోరంగీలు' అనే పేరు పడిపోయింది. ఏ ఊరివాడైనా సరే, కోరంగీయే. పల్లెల్లోకి మేస్త్రీ వచ్చేవాడు. టికెట్టు డబ్బులూ, ఇంట్లో ఇచ్చి వెళ్లడానికి కొంత అడ్వాన్సూ ఇచ్చేవాడు. ఆ బాకీ తీరేదాకా మేస్త్రీ చెప్పిన చోటే పని, చెప్పిందే కూలి. జీతం కూడా మేస్త్రీ చేతుల మీదుగానే రావాలి. రేవు దగ్గరి ఇళ్లలో ఒక్కో గదిలో పదుల మంది వంతులవారీగా పడుకునేవారు. రాత్రి పనివాళ్లు పగలు, పగటి పనివాళ్లు రాత్రి! అయినా జనం వెళ్తూనే ఉన్నారు. ఊళ్లో పొలం లేదు, కరవొస్తే కూలీ లేదు. 'రంగం' అంటే నాలుగు డబ్బులు. తెలుగునాట 'రంగూన్ రౌడీ' అనే నాటకం ఊరూరా ఆడిందంటే, తర్వాత 1979లో కృష్ణంరాజు కథానాయకుడిగా అదే పేరుతో సినిమా వచ్చిందంటే ఆ ఊరు మన ఊహల్లో ఎంత పాతుకుపోయిందో ఆలోచించండి.

మూడుసార్లు చెదిరిన గూడు

కలిసి బతికిన ఊరే అప్పుడప్పుడూ కత్తులు దూసింది. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల గుత్తేదారులు వాళ్ల స్థానంలో బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. తర్వాత తెలుగువాళ్లతో రాజీ కుదిరింది. దాంతో బర్మా కూలీల్ని ఉన్నపళంగా పొమ్మన్నారు. రెండు వర్గాల పేదవాళ్లు మే 26న రేవులో ఎదురుపడ్డారు. మాటామాటా పెరిగింది. అల్లర్లు రోజుల తరబడి సాగాయి. వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలే. ఇద్దరి కూలీ మీదా బేరమాడినవాళ్లకి మాత్రం ఏమీ కాలేదు.

రెండో దెబ్బ ఆకాశం నుంచి పడింది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. ఓడల్లో చోటు దొరికినవాళ్లు కొద్దిమందే. మిగిలినవాళ్లు కాలినడకన అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్‌కీ, అడవుల మీదుగా మణిపూర్, అస్సాంలకీ బయల్దేరారు. దాదాపు అయిదు లక్షలమంది భారతీయులు అలా బర్మాని వదిలారని అంచనా. ఆకలితో, కలరాతో, మలేరియాతో వేలకి వేలమంది దారిలోనే రాలిపోయారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతుల్లోకి వెళ్లిపోయింది.

యుద్ధం తర్వాత కొందరు తిరిగి వెళ్లారు. 1962లో సైనికాధికారి నె విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలన్నింటినీ జాతీయం చేసేశాడు. మూడోసారి మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. ఆ దశాబ్దంలో సుమారు మూడు లక్షలమంది భారతీయులు బర్మా విడిచారు. ఓడలు మద్రాసుకీ విశాఖకీ వచ్చాయి. తరాల కష్టం అక్కడే వదిలేసి దాదాపు వట్టి చేతులతో దిగినవాళ్లని మనవాళ్లు 'బర్మా కాందిశీకులు' అన్నారు. విశాఖలోని బర్మా క్యాంపు, చెన్నైలోని బర్మా బజార్ అలా పుట్టినవే. చెన్నైలో సాయంత్రంపూట తోపుడుబళ్ల మీద అమ్మే 'అత్తో' నూడుల్స్ కూడా ఆ ఓడల్లో వచ్చిన రుచే.

అందరూ రాలేదు. మయన్మార్‌లో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. బయట బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. బయట లుంగీ లాంటి 'లోంజీ', ఇంట్లో ఉగాది పచ్చడి. పిల్లలకి మాట్లాడటం కొంత వచ్చినా చదవడం రాదు. ఆ భాష ఇంకెన్ని తరాలు నిలుస్తుందన్నది పెద్దవాళ్ల దిగులు.

వెళ్లాలనుకుంటే...

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. కోల్‌కతా మీదుగానో బ్యాంకాక్ మీదుగానో విమానంలో వెళ్లొచ్చు. వీసా తప్పనిసరి. అక్కడ దిగగానే గడియారం గంట ముందుకి తిప్పుకోవాలి. పగోడాల్లో చెప్పులే కాదు, మేజోళ్లు కూడా విప్పాల్సిందే. నగరం చుట్టూ సుమారు 46 కిలోమీటర్లు తిరిగే వలయ రైలు ఎక్కితే కూరగాయల గంపల మధ్య అసలైన యాంగోన్ కనిపిస్తుంది.

అయితే టికెట్టు కొనేముందు ఒక్కమాట. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారం లాక్కున్న దగ్గర్నుంచీ దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది. చాలా ప్రాంతాలు ప్రయాణానికి సురక్షితం కావు. మన విదేశాంగశాఖ సూచనలు చూసుకోకుండా బయల్దేరడం మంచిది కాదు.

ఉద్యోగం పేరుతో వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని నమ్మించి, సరిహద్దు దాటించి, మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతంలో సైబర్ మోసాల ముఠాలకి అప్పగిస్తున్నారు. 2025 మార్చిలో 500 మందికి పైగా భారతీయుల్ని వాయుసేన విమానాల్లో వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది. వాళ్లలో తెలుగు యువకులూ ఉన్నారు. అప్పుడు మేస్త్రీ, ఇప్పుడు ఏజెంటు. చేతిలో పెట్టే అడ్వాన్సు, చెప్పే తీపి మాటలు మాత్రం అవే!

రంగం... మన గుమ్మంలోకి

ఒకప్పుడు ఈ ఒడ్డు నుంచి జనం పని కోసం ఆ ఒడ్డుకి వెళ్లారు. ఇప్పుడు అచ్యుతాపురం కూడలిలో సాయంత్రం ఆరింటికి నిలబడితే ఒడియా, హిందీ, బెంగాలీ, భోజ్‌పురి వినిపిస్తాయి. ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చాక ఒడిశా నుంచీ బిహార్, ఝార్ఖండ్‌ల నుంచీ కుర్రాళ్లు మందుల కంపెనీల్లో, నిర్మాణ పనుల్లో చేరుతున్నారు. బడ్డీకొట్లో ఖైనీ, హోటల్లో రోటీ దొరుకుతున్నాయి. అద్దె గదుల్లో షిఫ్టులవారీగా పడుకునేవాళ్లూ ఉన్నారు. గుత్తేదారు చేతుల మీదుగా జీతం తీసుకునేవాళ్లూ ఉన్నారు. వీళ్ల పేర్లు కూడా ఏ శిలాఫలకం మీదా ఎక్కవు. 'ఎక్కడినుంచో వచ్చారు' అని విసుక్కునేముందు, మన ఇంటివాళ్లు కూడా ఒకప్పుడు మరో ఊరివాళ్లకి 'ఎక్కడినుంచో వచ్చిన కోరంగీలే' అన్న సంగతి గుర్తొస్తే చాలు.

యుద్ధకాలంలో అడవుల వెంట నడిచొచ్చిన తరం దాదాపు వెళ్లిపోయింది. 1964లో ఓడ దిగిన పిల్లలకి కూడా ఇప్పుడు అరవైలు, డెబ్భైలు. మీ ఇంట్లో మూలన పడి ఉన్న టేకు పెట్టె, పాత ఉత్తరాల కట్ట, రంగు వెలిసిన ఫొటో... ఏదైనా 'రంగం నుంచి తెచ్చింది' అని పెద్దవాళ్లు అనగా విన్నారా? అయితే ఈ ఆదివారమే వాళ్ల పక్కన కూర్చోండి. ఎవరు వెళ్లారు, ఏ రేవులో ఎక్కారు, అక్కడ ఏం మోశారు, ఎలా తిరిగొచ్చారు... అడిగి ఓ నోటుపుస్తకంలో రాసిపెట్టండి. రంగూన్‌లో ఏ గోడ మీదా లేని ఆ పేరు, కనీసం మన ఇంట్లోనైనా ఉంటుంది.